మా చిన్న ఆడ కుక్కకు ఆపరేషన్ చేయించడమా, మానడమా?

ప్రశ్న: జున్ను వాళ్ల అమ్మ, విజయవాడ

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో పది నెలల ఆడ కుక్క ఉంది, పేరు జున్ను. పమేరియన్ అని చెప్పి ఇచ్చారు. ఐదున్నర కిలోల బరువు, దట్టమైన తెల్లటి బొచ్చు, అందరికంటే ముందు లేచి వీధి గుమ్మంలో కూర్చునే అలవాటు. ఇది ఈమధ్య మొదటిసారి ఎదకు వచ్చింది. ఎద ముగిసి ఇప్పటికి ఐదు వారాలు అయింది. ఎదలో ఉన్న మూడు వారాలూ మా గేటు ముందు పగలూ రాత్రీ ఆరేడు వీధి కుక్కలు కాపు కాశాయి. పాలు పోసే అబ్బాయి లోపలికి రావడానికి భయపడ్డాడు. ఒకరోజు పనిమనిషి గేటు తీసిన క్షణంలో ఒక పెద్ద కుక్క వరండా దాకా వచ్చేసింది, దాన్ని తరమడం మా వల్ల కాలేదు. జున్ను గదిలోనే ఉంది కనుక ప్రమాదం తప్పింది.

అప్పటి నుంచి ఇంట్లో ఇదే చర్చ. మేము చూపించే డాక్టరు గారు గర్భసంచి, అండాశయాలు తీసివేసే ఆపరేషన్ చేయించమంటున్నారు. మరొకరిని అడిగితే, రెండో ఎద కూడా చూసి అప్పుడు ఆలోచించవచ్చు, తొందరేమీ లేదు అన్నారు. మా అత్తయ్య గారు ఆపరేషన్ మాటే వద్దంటున్నారు. ఆడపుట్టుక పుట్టిన జీవి ఒక్క ఈతైనా ఈనకపోతే కడుపులో గడ్డలు పుడతాయని ఆవిడ నమ్మకం. అది మూఢనమ్మకమని నేను తేలికగా కొట్టిపారేయలేను, ఎందుకంటే ఆవిడ పుట్టింట్లో గేదెలు, ఆవులు, కుక్కల మధ్యనే పెరిగారు, జున్ను ఒంట్లో బాగాలేకపోతే నాకంటే ముందు గుర్తుపట్టేది కూడా ఆవిడే.

నా భయం వేరు. మా అమ్మకు ముప్పై ఆరేళ్ల వయసులో గర్భసంచి, అండాశయాలు తీసివేశారు. ఆ తరువాత ఆమెకు ఒళ్లంతా ఆవిర్లు, నిద్రలేమి, కీళ్ల నొప్పులు, నడుము నొప్పి మొదలయ్యాయి. ఇవాళ్టికీ మందులతోనే నడుస్తోంది. అంత తొందరగా తీయించి ఉండవలసింది కాదని మేమంతా తరువాత బాధపడ్డాము. ఏ జబ్బూ లేని పది నెలల ప్రాణికి, అది వద్దని చెప్పలేదు కదా అని, నేను అదే పని చేయిస్తున్నానా అనే ఆలోచన నన్ను వదలడం లేదు.

అందుకని అడుగుతున్నాను. చిన్న జాతి కుక్కకు ఈ ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుందా? చేయిస్తే ఎప్పుడు చేయించాలి? ఒక ఈత ఈనిన తరువాత అయితే మంచిదన్న మాటలో నిజం ఎంత? చేయించినవారు, చేయించనివారు, ఇద్దరి అనుభవమూ వినాలని ఉంది.


జవాబు: గోదారి గట్టు, కాకినాడ

అమ్మా, నేను చేయించనివాడిని. నా అనుభవం చెబుతాను, మీకు ఉపయోగపడితే చాలు.

మా స్వీటీ కూడా మీ జున్నులాంటిదే, తెల్లటి స్పిట్జ్ జాతి, ఆరు కిలోల కుక్క. ఎనిమిదేళ్లు ఒక్కసారి కూడా పెద్ద జబ్బు చేయలేదు. ఎదకు వచ్చిన ప్రతిసారీ మేడ మీద గదిలో ఉంచి జాగ్రత్తగా కాపాడుకున్నాము, పిల్లలు పుట్టకుండా చూసుకుంటే సరిపోతుంది, కోత ఎందుకు అనుకున్నాము. ఎనిమిదో ఏట వేసవిలో ఎద తగ్గిన ఆరో వారం నుంచి అది గిన్నెల కొద్దీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఎండాకాలం కదా అనుకున్నాము. రాత్రిళ్లు రెండు మూడు సార్లు మూత్రానికి లేచేది. అన్నం తగ్గించింది. ఎండకు అన్నం సయించడం లేదనుకుని మజ్జిగన్నం పెట్టాము. నాలుగో రోజున వాంతులు మొదలై, పొట్ట ఉబ్బి, నిలబడలేకపోతే అప్పుడు ఆసుపత్రికి తీసుకువెళ్లాము. స్కానింగ్‌లో గర్భసంచి నిండా చీము ఉన్నట్టు తేలింది. బయటికి ఒక్క చుక్క కూడా రాలేదు. గర్భసంచి మూతి మూసుకుపోయి చీమంతా లోపలే నిలిచిపోయిందని చెప్పారు. అర్ధరాత్రి ఆపరేషన్ చేశారు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతినడంతో మూడో రోజున పోయింది. డాక్టరు గారు చేయగలిగినదంతా చేశారు, ఆలస్యం మాది.

పది నెలల వయసులో ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పగటిపూట తీరికగా చేసే ఆపరేషన్‌కు నేను భయపడ్డాను. ఎనిమిదేళ్ల వయసులో, జ్వరంతో, చీముతో, అర్ధరాత్రి అదే ఆపరేషన్ చేయించవలసి వచ్చింది. ఆపరేషన్ తప్పిందని ఇన్నేళ్లూ అనుకున్నాను, నిజానికి అది వాయిదా పడింది అంతే.

మీరు చివరికి చేయించకూడదనే నిర్ణయించుకున్నా సరే, ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎద తగ్గిన తరువాత రెండు నెలల లోపల కుక్క నీళ్లు ఎక్కువగా తాగుతుంటే ఆ రోజే చూపించండి, మర్నాటి దాకా ఆగకండి.


జవాబు: విశ్రాంత పశువైద్యురాలు, తిరుపతి

ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యశాలల్లో పనిచేసి విరమించినదాన్ని. జున్ను వాళ్ల అమ్మగారి ప్రశ్నలో వారి తల్లిగారి ప్రస్తావన చదివిన తరువాత జవాబు రాయకుండా ఉండలేకపోయాను. ఈ భయం నా దగ్గరికి వచ్చిన ఎంతోమంది గృహిణులలో చూశాను. చాలామంది దాన్ని పైకి చెప్పలేక, ఇంకొన్నాళ్లు చూద్దామని వెళ్లిపోయేవారు.

స్త్రీ శరీరం, కుక్క శరీరం ఈ ఒక్క విషయంలో బొత్తిగా వేర్వేరుగా నడుస్తాయి. కుక్కకు నెలసరి లేదు, అది ఆగిపోయే వయసూ లేదు. సుమారు ఆరేడు నెలలకు ఒకసారి ఎదకు వస్తుంది. వయసు మీద పడ్డాక మధ్య వ్యవధి పెరుగుతుందే గాని పూర్తిగా ఆగదు. మీ అమ్మగారికి అండాశయాలు తీసిన తరువాత వచ్చిన ఆవిర్లు, నిద్రలేమి నెలసరి ఆగిపోవడంతో ముడిపడిన బాధలు. ఆ రూపంలో అవి కుక్కలో కనిపించవు. అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. స్త్రీకి గర్భం నిలవకపోతే ఆ సంగతి శరీరం రెండు వారాల్లో గ్రహించి పని ఆపేస్తుంది. కుక్క శరీరం అలా గ్రహించదు. ఎద అయిన తరువాత, మగ కుక్కతో కలిసినా కలవకపోయినా, అండాశయాల నుంచి ప్రొజెస్టెరాన్ అనే హార్మోను రెండు నెలల పాటు వెలువడుతూనే ఉంటుంది. కుక్క గర్భం సుమారు 63 రోజులు. ఇంచుమించు అన్ని రోజులూ ఖాళీ గర్భసంచి కూడా పిల్లలను మోస్తున్నట్టే సిద్ధపడి ఉంటుంది. లోపలి పొర మందమవుతుంది, గ్రంథులు ద్రవాన్ని స్రవిస్తాయి, కండరం కదలడం మానేస్తుంది, మూతి బిగుసుకుంటుంది, సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి అక్కడ తగ్గిపోతుంది. ఎద సమయంలో మూతి తెరుచుకుని ఉన్నప్పుడు లోపలికి చేరిన ఈ-కోలై వంటి క్రిములకు ఇంతకంటే అనువైన చోటు లేదు. ప్రతి ఎదకూ ఇదే జరుగుతూ, పొర ఏటేటా ఇంకొంచెం మందమవుతూ పోతుంది. కాకినాడ వారు చెప్పిన జబ్బు పయోమెట్రా, అంటే గర్భసంచి చీము పట్టడం. అది ఎక్కువగా నడివయసు దాటిన కుక్కల్లో, ఎద తరువాతి రెండు నెలల్లోనే రావడానికి కారణం ఇదే.

అత్తయ్య గారి మాటకు వస్తాను. గొడ్డు చూడి కట్టకపోతే ఇంటికి నష్టమన్నది పాడి పశువుల విషయంలో సరైన మాటే, ఆవిడ పెరిగిన ఇంట్లో అది అనుభవం. కుక్కకు మాత్రం ఒక ఈత ఈనినందువల్ల గడ్డలు రాకుండా ఉంటాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. పైగా చిన్న జాతి కుక్కకు కాన్పు తేలిక కాదు. కటి ఇరుకు, కడుపులో ఒకటో రెండో పిల్లలే ఉండి బాగా పెరగడం వల్ల అవి అడ్డం తిరగడం, సిజేరియన్ చేయవలసి రావడం తరచుగా చూశాను. ఈనిన రెండు మూడు వారాలకు, పిల్లలు పాలు బాగా లాగుతున్న రోజుల్లో, తల్లి రక్తంలో కాల్షియం హఠాత్తుగా పడిపోయి వణుకు, తరువాత మూర్ఛలు వస్తాయి. ఇది ముఖ్యంగా చిన్న కుక్కల జబ్బు. ఐదు కిలోల తల్లి గంటల్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. గేటు దాటి వచ్చిన పెద్ద వీధి కుక్క వల్ల కడుపైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. తల్లి కావాలనే కోరిక కుక్క మనసులో ఉంటుందని మనం అనుకుంటాము. దానికి ఉన్నది ఎద రోజుల తొందర, పిల్లలు పుట్టిన తరువాత వాటిని సాకే గుణం. ఆ పిల్లల కోసం అది ఏళ్ల తరబడి ఎదురుచూడదు.

రొమ్ము గడ్డల గురించి మీరు ఎక్కడ చదివినా కొన్ని అంకెలు కనిపిస్తాయి. మొదటి ఎదకు ముందే ఆపరేషన్ చేస్తే, చేయని కుక్కకు ఉండే ముప్పులో 0.5 శాతమే మిగులుతుందని, ఒక ఎద తరువాత అయితే 8 శాతం, రెండు ఎదల తరువాత అయితే 26 శాతం మిగులుతుందని 1969లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చెప్పింది. నేను కూడా ఎన్నో ఏళ్లు ఈ అంకెలే చెప్పాను. 2012లో బ్రిటన్ పరిశోధకులు పాత అధ్యయనాలను మళ్లీ జల్లెడ పట్టి, ఈ మేలుకు ఉన్న ఆధారాలు అనుకున్నంత గట్టివి కావని తేల్చారు. కాబట్టి ఆ అంకెలను రాతి మీద గీతలుగా తీసుకోవద్దు. తొందరగా చేయించినకొద్దీ రొమ్ము గడ్డల ముప్పు తగ్గుతుందని మాత్రం మా వృత్తిలో చాలామంది ఇప్పటికీ భావిస్తారు, నేనూ అలాగే భావిస్తాను. పయోమెట్రా విషయంలో ఇటువంటి సందేహం లేదు. అండాశయాలు, గర్భసంచి పూర్తిగా తీసివేస్తే ఆ జబ్బుకు చోటే ఉండదు.

ఇక నష్టాలు. ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, కనుక తిండి తగ్గించకపోతే కుక్క లావెక్కుతుంది. కొన్ని కుక్కలకు కొన్నేళ్ల తరువాత నిద్రలో తెలియకుండా మూత్రం కారుతుంది. ఇది ఇరవై కిలోలు దాటిన పెద్ద కుక్కల్లో ఎక్కువ, చిన్నవాటిలో తక్కువ, వచ్చినా చాలావరకు మందులకు లొంగుతుంది. కీళ్ల జబ్బులు పెరుగుతాయన్న మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ వారు 2020లో 35 జాతుల మీద వెలువరించిన పరిశీలనలో ఆ ముప్పు పెద్ద జాతుల్లో కనిపించింది గాని చిన్న జాతుల్లో కనిపించలేదు. అదే పరిశీలనలో చిన్న జాతులైన బోస్టన్ టెరియర్, షిట్జులలో కొన్ని క్యాన్సర్లు పెరిగినట్టు తేలింది. కనుక చిన్న కుక్క అయితే చాలు, ఏ చింతా లేదు అని కూడా చెప్పను. అమెరికా పశువైద్యశాలల సంఘం 2019 మార్గదర్శకాలు పెద్దయ్యాక 20 కిలోల లోపు ఉండే ఆడ కుక్కలకు మొదటి ఎదకు ముందే, ఐదారు నెలల వయసులో చేయించమన్నాయి. మీకు ఆ సమయం దాటింది, దాని గురించి బాధపడనవసరం లేదు.

మీ జున్నుకు ఇప్పుడు వెంటనే చేయించకండి. ఎద తగ్గి ఐదు వారాలే అయింది. ఇంకా హార్మోను ప్రభావంలోనే ఉంది, గర్భసంచికి రక్త ప్రసరణ కూడా ఎక్కువ. ఈ దశలో చేస్తే కొన్ని కుక్కలకు లేని గర్భం ఉన్నట్టు లక్షణాలు మొదలై, పాలు పడి, బొమ్మలను పిల్లల్లా పక్కలో పెట్టుకుని వారాల తరబడి దిగులు పడతాయి. ఎద ముగిసిన మూడు నెలల ప్రాంతంలో, తరువాతి ఎద రాకముందు చేయించండి. అంటే మీకు ఇంకా ఏడెనిమిది వారాలు ఉంది. ఈలోగా ఎద ఆపడానికని ఎవరైనా హార్మోను ఇంజెక్షన్ సూచిస్తే ఒప్పుకోవద్దని నా గట్టి సలహా. ప్రొజెస్టెరాన్ తరహా మందులే పయోమెట్రాకు, రొమ్ము గడ్డలకు దారి తీస్తాయి.

ఆపరేషన్ చేసే చోటును ఎంచుకునే విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం వేసి ఐసోఫ్లూరేన్ వాయువు ఇస్తారా, చేతికి సెలైన్ సూది ముందే పెడతారా, కోత కోసే డాక్టరు కాక శ్వాసను, గుండెను కనిపెట్టి చూడటానికి ఇంకొకరు ఉంటారా, తెలివి వచ్చే వరకు ఒంటిని వెచ్చగా ఉంచుతారా, నొప్పికి మందు ఇస్తారా అని అడగండి. చిన్న ఒళ్లు చాలా త్వరగా చల్లబడిపోతుంది. మత్తు నుంచి లేవడం ఆలస్యం కావడానికి అదొక పెద్ద కారణం. ఇలా అడిగినందుకు మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు. బ్రిటన్‌లో దాదాపు లక్ష కుక్కలను గమనించి 2008లో ప్రచురించిన లెక్కల్లో, ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లో మత్తు సంబంధమైన మరణాలు 0.05 శాతం, జబ్బుతో ఉన్నవాటిలో 1.33 శాతం. కాకినాడ వారు చెప్పినది ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడాయే. ముందుగా రక్త పరీక్ష చేయించండి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం పైకి కనిపించకుండా రక్తంలో ప్లేట్‌లెట్లను తగ్గించి ఉంచుతుంది. అది తెలియకుండా కోత పెడితే రక్తం ఆగదు.


జున్ను వాళ్ల అమ్మ, విజయవాడ

డాక్టరు గారూ, మీ జవాబును మా అత్తయ్య గారికి రెండుసార్లు చదివి వినిపించాను. ఖాళీ గర్భసంచి కూడా రెండు నెలలు మోస్తున్నట్టే ఉంటుందన్న చోట ఆవిడ ఆపి మళ్లీ చదవమన్నారు. కాల్షియం పడిపోయే సంగతి విన్నాక, చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఒక చిన్న కుక్క ఈనిన పదిహేను రోజులకు కొట్టుకుని కొట్టుకుని చనిపోయిందని, దిష్టి తగిలిందని అప్పట్లో అనుకున్నారని చెప్పారు. ఇంకా ఒప్పుకోలేదు, కానీ ఈనాలన్న మాట మళ్లీ అనలేదు.

కాకినాడ వారికి ఏమని రాయాలో తెలియడం లేదు. స్వీటీ గురించి రాసినందుకు కృతజ్ఞతలు. గర్భసంచి ఉంచి అండాశయాలు మాత్రమే తీసే పద్ధతి కూడా ఉందని ఒకరు చెప్పారు, అది మంచిదా?


విశ్రాంత పశువైద్యురాలు, తిరుపతి

అది కూడా మంచి పద్ధతే అమ్మా, యూరప్‌లో చాలాచోట్ల అదే చేస్తారు. హార్మోను వచ్చేది అండాశయాల నుంచి కనుక అవి పూర్తిగా తీసేస్తే, గర్భసంచి ఆరోగ్యంగా ఉన్న పడుచు కుక్కకు తరువాత చీము పట్టే ప్రమాదం ఉండదు. అండాశయపు ముక్క ఏ కొంచెం మిగిలినా ఎద మళ్లీ వస్తుంది, ప్రమాదమూ తిరిగి వస్తుంది. మీ డాక్టరుకు ఏ పద్ధతిలో చేయి బాగా తిరిగిందో అదే చేయించండి.


జవాబు: మల్లి వాళ్ల నాన్న, ఉప్సల, స్వీడన్

మాది గుంటూరు, పదకొండేళ్లుగా స్వీడన్‌లో ఉంటున్నాము. మా మల్లి పొట్టికాళ్ల డాక్స్‌హుండ్, దానికి తొమ్మిదేళ్లు, ఆపరేషన్ చేయించలేదు. అవతలి పక్షం అనుభవం కూడా మీరు అడిగారు కనుక రాస్తున్నాను.

ఇక్కడ జబ్బు లేని కుక్కకు ఆపరేషన్ చేయించడం ఆనవాయితీ కాదు. 1988 వరకు వైద్య కారణం లేకుండా కుక్కలకు ఆ ఆపరేషన్ చేయడానికి చట్టమే అనుమతించేది కాదు. పక్కనే ఉన్న నార్వేలో ఈనాటికీ తగిన కారణం చూపాలి. వీధుల్లో యజమాని లేని కుక్క ఒక్కటి కూడా కనిపించదు. ఎదలో ఉన్న కుక్కను తాడుతో పట్టుకుని వెళితే ఎదురుగా వచ్చేవారు తమ మగ కుక్కతో రోడ్డు దాటి అవతలి పక్కకు వెళతారు. ఈ ఏర్పాటు ఉన్నచోట చేయించకుండా ఉండటం సాధ్యమే, మేము తొమ్మిదేళ్లుగా అలాగే ఉన్నాము. మీ గేటు దగ్గరి పరిస్థితి చదివినప్పుడు గుంటూరులో మా వీధి గుర్తొచ్చింది. అక్కడే ఉండి ఉంటే మేము కూడా ఇంత నిశ్చింతగా ఉండేవాళ్లం కాము.

ఈ ఆనవాయితీ వల్ల ఒక విచిత్రమైన ఉపయోగం కూడా జరిగింది. ఆపరేషన్ కాని ఆడ కుక్కలు పెద్దయ్యాక ఏమవుతాయో ప్రపంచంలో అందరికంటే వివరంగా తెలిసినది ఈ దేశానికే, ఎందుకంటే ఇక్కడ కుక్కలకు బీమా చేయించడం సర్వసాధారణం, ఆ లెక్కలన్నీ పరిశోధకులకు అందాయి. 1995, 1996 సంవత్సరాల బీమా లెక్కల ఆధారంగా 2001లో వెలువడిన పరిశీలన ప్రకారం, పదేళ్ల వయసు వచ్చేలోపు ఆడ కుక్కల్లో దాదాపు నాలుగింట ఒకదానికి గర్భసంచి చీము పడుతుంది. జాతిని బట్టి ఈ ముప్పు చాలా మారుతుంది. చిన్న జాతుల్లోనే కవలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌కు ఎక్కువ, మా మల్లి జాతికి తక్కువ. మేము చేయించకపోవడానికి ఇది కూడా ఒక కారణం. తక్కువ అంటే లేదని అర్థం కాదని తెలుసు కనుక, ఎద తగ్గిన రోజును గోడ మీది క్యాలెండరులో రాసుకుని, ఆ తరువాత రెండు నెలలు అది తాగే నీళ్లను కొలుస్తాము. నెలకు ఒకసారి దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి ఐదు జతల చన్నుల చుట్టూ వేలితో తడిమి, శనగ గింజంత గడ్డ తగిలినా చూపించాలని నియమం పెట్టుకున్నాము. చేయించకూడదనుకునేవారు ఈ పని పన్నెండు, పదమూడేళ్లు విడవకుండా చేయగలమా అని ముందు తమను తాము అడగాలి. ఒకే ఒక్క రోజు పనికి బదులుగా మేము ఎంచుకున్నది ఈ నిత్య జాగ్రత్త. మాకు అది భారం అనిపించలేదు. రాత్రి డ్యూటీలు, ప్రయాణాలు ఉన్న ఇంట్లో మాత్రం కష్టం.


జవాబు: ఎలగందుల కోట, కరీంనగర్

మా షిట్జు రెండేళ్లది, పోయిన సంవత్సరం చేయించాము. లాభనష్టాలు పెద్దవాళ్లు చెప్పేశారు, నేను ఆపరేషన్ తరువాతి సంగతి మాత్రమే చెబుతాను అక్కా.

ముందుగా ఒక మాట. వీధి కుక్కలకు నగరపాలక సంస్థ చేయించే ఆపరేషన్లలోనే మన కుక్కకూ చేయించవచ్చా అని మా ఇంట్లో అడిగారు. అది వీధి కుక్కల కోసం పెట్టిన కార్యక్రమం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంపుడు కుక్క బాధ్యత దాన్ని పెంచేవారిదే. ఖర్చు గురించి ఆలోచిస్తుంటే మీకు దగ్గరలోనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది కదా, అక్కడ అడిగి చూడండి.

ఆపరేషన్ రోజు సాయంత్రం అది తూలుతూ, మూలుగుతూ ఉంటే నేను తట్టుకోలేకపోయాను. మర్నాడు పొద్దున్నే లేచి తోక ఊపింది. అసలు కష్టం అక్కడే మొదలైంది, ఎందుకంటే దానికి బాగానే ఉందనిపించి సోఫా మీదికి దూకడానికి చూసేది. పది రోజులు దూకనివ్వకూడదు, స్నానం చేయించకూడదు. మెడకు వేసిన ప్లాస్టిక్ గరాటును చూసి జాలిపడి నాలుగో రోజు రాత్రి మా అమ్మ తీసేసింది. తెల్లారేసరికి కుట్లు నాకి నాకి రెండు ఊడిపోయాయి, మళ్లీ ఆసుపత్రికి వెళ్లి కుట్టించవలసి వచ్చింది. ఎంత జాలి వేసినా గరాటు తీయకండి. నొప్పి అనిపించి మన ఇంట్లోని పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటివి అసలే వేయకండి, డాక్టరు రాసిచ్చినవే వేయాలి.

తిండి సంగతి మూడో నెలలో తెలిసింది. పెరుగన్నం పాత కొలతే పెట్టాము, అది అడిగినప్పుడల్లా బిస్కెట్లు కూడా పెట్టాము. ఐదు కిలోల కుక్క ఆరు కిలోల రెండు వందలు అయింది. మనకు కిలో అంటే లెక్కలోకి రాదు గాని, దాని ఒంటికి అది దాదాపు నాలుగో వంతు. డాక్టరు చెప్పినట్టు ఆపరేషన్ అయిన వారం నుంచే నాలుగో వంతు తగ్గించి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు. మీది దట్టమైన బొచ్చు ఉన్న కుక్క కనుక ఇంకొకటి. పొట్ట దగ్గర గొరిగిన చోట బొచ్చు మళ్లీ రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పట్టవచ్చు. మా పక్కింటి స్పిట్జుకు అలాగే జరిగింది, వాళ్లు చర్మవ్యాధి అనుకుని కంగారుపడ్డారు.

మత్తు విషయంలో కూడా ఒక మాట. మా కుక్కది చప్పిడి ముక్కు కావడం వల్ల మత్తు దిగేటప్పుడు ఊపిరికి ఇబ్బంది పడకుండా గొంతులో గొట్టాన్ని పూర్తిగా మెలకువ వచ్చే వరకు ఉంచారు. మీ జున్నుకు కోల ముక్కు కనుక ఆ బెంగ తక్కువ.


జున్ను వాళ్ల అమ్మ, విజయవాడ, పన్నెండు వారాల తరువాత

ఆలస్యంగా రాస్తున్నందుకు అందరూ మన్నించాలి. ఏమైందో చెప్పడం నా బాధ్యత.

తిరుపతి డాక్టరు గారు చెప్పినట్టు ఆగి, మూడో నెలలో రక్త పరీక్ష చేయించాము. జున్ను చక్కగా తింటోంది, ఆడుతోంది, జ్వరం లేదు. అయినా ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయి, పిడుదుల జ్వరమని తేలింది. నాలుగు వారాలు మందులు వాడి మళ్లీ పరీక్ష చేయించి, అంకెలు సరైన తరువాతే ఆపరేషన్‌కు తారీఖు తీసుకున్నాము. ఆ పరీక్ష చేయించకుండా వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేస్తోంది. మీరు చెప్పిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లి అడిగాను. మొదటి చోట గ్యాసు మత్తు లేదన్నారు. రెండో చోట అన్నీ ఉన్నాయి, ఆపరేషన్ గది కూడా చూపించారు, అక్కడే చేయించాము.

ఉప్సల నుంచి రాసినవారి మాటను కూడా మేము నిజాయితీగా ఆలోచించాము. నేను, మా వారు ఇద్దరమూ ఉద్యోగాలకు వెళతాము, ఇంట్లో ఉండేది అత్తయ్య గారు ఒక్కరే, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఎద వచ్చిన ప్రతిసారీ ఆ గేటును ఆవిడ ఒక్కరే కాయలేరు. మమ్మల్ని ఒక నిర్ణయానికి తెచ్చింది చివరికి ఇదే.

మా అమ్మకు ఫోనులో చెప్పాను. డాక్టరు గారు రాసిన తేడా అంతా వివరించాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, నొప్పికి మందు ఇస్తారా అని ఒక్కటే అడిగింది. ఇస్తారు, నేను ముందే అడిగాను అని చెప్పాను.

నిన్నటికి పదకొండు రోజులు. కుట్లు తీశారు, గాయం పొడిగా మానింది. గరాటు ఒక్క పూట కూడా తీయలేదు, అత్తయ్య గారే కాపలా కాశారు. అన్నం కొలవడానికి ఆవిడ పాత సోలను పక్కన పెట్టి చిన్న టీ గ్లాసు తీశారు. పొట్ట మీద గొరిగిన చోటు చలికి వణుకుతుందని పాత నూలు చీర చింపి చుట్టారు. కరీంనగర్ తమ్ముడికి ఒక ప్రశ్న: గుడ్డ చుడితే గాలి ఆడక ఇబ్బందేమైనా ఉంటుందా, లేక అలాగే ఉంచవచ్చా?


ఎలగందుల కోట, కరీంనగర్

గాయం మానింది కనుక వదులుగా చుడితే ఏమీ కాదక్కా. తడిస్తే మాత్రం వెంటనే మార్చండి. రాత్రి పూట విప్పేసి, చర్మం ఎర్రబడిందేమో ఒకసారి చూసుకోండి.